వెనక సీటు ఎవరిది

గువ్వ నోట్లో నాలుక లేని పిల్ల అని ఇంటికొచ్చిన చుట్టాలందరూ అనేవాళ్ళు. నిజమే, నలుగురిలో ఆ పిల్ల నోరు విప్పేది కాదు. కానీ బండి మీద వాళ్ళ అన్నయ్య వెనక కూర్చున్నప్పుడు దానికి మాటలతో పనే లేదు. కుడి భుజం మీద వేలితో ఒకసారి తడితే నెమ్మదిగా పొమ్మని. రెండుసార్లు తడితే ఆపమని. వీపు మీద బొటనవేలు నొక్కితే, అటు చూడు, అక్కడేదో ఉంది అని. ఈ భాష వాళ్ళిద్దరికే తెలుసు. అమ్మకు కూడా తెలియదు.

అన్నయ్య కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేస్తాడు. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం వేసి, అది తీసి ఇంకోటి వేసి, "ఒకటా, రెండా, ఏది బాగా కనిపిస్తోంది?" అని అడుగుతాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అదే పాట. ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. చొక్కా కొనాలన్నా, కిటికీ తెర కొనాలన్నా రెండే పక్కపక్కన పెట్టుకుంటాడు. మూడోది చూపిస్తే విసుక్కుంటాడు. ఆ రెండూ పట్టుకుని గువ్వ దగ్గరికి వస్తాడు. "దీని కళ్ళు అబద్ధం చెప్పవు" అని అందరికీ చెప్పుకుంటాడు.

పరీక్షలో కొందరు ఏమీ తేల్చుకోలేక నోటికొచ్చింది చెప్పేస్తారు. అలాంటివాళ్ళ మీద అన్నయ్య ఒక ఎత్తు వేస్తాడు. అద్దం తీసినట్టే తీసి మళ్ళీ అదే అద్దం వేస్తాడు. "ఇప్పుడు హాయిగా ఉందండీ" అన్నారంటే దొరికిపోయినట్టే. అన్నయ్య వాళ్ళనేమీ అనడు. మొదటినుంచి మళ్ళీ మొదలుపెడతాడు. బడి లేని రోజుల్లో మూలన స్టూలు మీద కూర్చుని ఇదంతా చూస్తూ గువ్వ నవ్వు ఆపుకోలేక పుస్తకంలో మొహం దాచుకునేది.

వాళ్ళ పాత బండి చిన్నది. ఎత్తు ఎక్కమంటే మూలిగేది. ఒకసారి సముద్రం దగ్గరున్న లైట్‌హౌస్ చూద్దామని బయల్దేరితే సగం దారిలో ఆగిపోయి, ఇద్దరూ దాన్ని తోసుకుంటూ వెనక్కి వచ్చారు. గువ్వ దారంతా ఏడ్చింది. "ఏడవకు. పెద్ద బండి కొన్ననాడు మొదటి ప్రయాణం లైట్‌హౌస్‌కే. వెనక సీట్లో నువ్వే" అన్నాడు అన్నయ్య. గువ్వ ఆ మాట డైరీలో రాసుకోలేదు. మర్చిపోతే కదా రాసుకోవడానికి.

ఇప్పుడా పెద్ద బండి రోజు వచ్చింది. దూరాలు తిరిగే బండ్లు నడిపి చూసి, ఏది కొనాలో తేల్చుకోవడానికి షోరూములకు వెళ్తున్నారు. గువ్వ తెల్లవారకముందే తల దువ్వుకుని తయారైంది.

"బండిని చూడ్డానికి వెళ్తున్నావా, బండికి నిన్ను చూపించడానికి వెళ్తున్నావా?" అంది అమ్మ.

గువ్వ మూతి తిప్పుకుంది. అన్నయ్య హెల్మెట్ తుడుస్తూ, తలెత్తకుండా అన్నాడు.

"మీ వదిన కూడా వస్తానందే. పళ్ళ డాక్టరుగారు ఇవాళ సెలవిచ్చారట."

వదిన అంటే ఇంకా కాలేదు. పెళ్ళి కుదిరింది, అంతే. గువ్వ ఆమెను మనసులో 'ఆమె' అనే అనుకునేది. పైకి ఏమీ అనేది కాదు.

"ఆమె ఎందుకు?"

"ఇకమీదట వెనక కూర్చునేది తనే కదా. సీటు తనకు కుదరాలి."

ఇకమీదట అన్న మాట గువ్వ గొంతులో ముల్లులా దిగింది. "మరి లైట్‌హౌస్?" అంది.

"చూద్దాంలే. తనూ చూడలేదట" అన్నాడు అన్నయ్య, హెల్మెట్ మీద లేని మరకను గట్టిగా రుద్దుతూ.

*

షోరూములన్నీ ఊరి చివర పెద్ద రోడ్డు మీద, ఎదురెదురుగా ఉన్నాయి. ఆమె అప్పటికే వచ్చి మొదటి షోరూము మెట్ల మీద నిలబడి ఉంది. పొట్టి మనిషి. గలగలా మాట్లాడుతుంది. పళ్ళ డాక్టరు పక్కన నిలబడి పనిముట్లు అందించడం ఆమె ఉద్యోగం.

"రా గువ్వా" అని చెయ్యి పట్టుకుంది.

గువ్వ అనే పేరు అన్నయ్య పెట్టింది. అది కూడా ఆమె చేతికి ఎప్పుడో అందిపోయిందన్నమాట. గువ్వ చెయ్యి వదిలించుకుని గొంతు కింద హెల్మెట్ పట్టీ సర్దుకుంది.

"రోజంతా జనాల నోళ్ళు తెరిపించడమే నా పని. ఈ పిల్ల నోరు మాత్రం నా వల్ల కావడం లేదండీ" అంది ఆమె అన్నయ్యతో. అన్నయ్య నవ్వాడు. అవసరం కంటే కాస్త ఎక్కువే నవ్వాడని గువ్వకు అనిపించింది.

ఆ షోరూములో సేల్స్‌మన్ మెడలో పొడుగాటి టై వేసుకుని, మాట్లాడినప్పుడల్లా దాన్ని నిమురుకునేవాడు. అన్నయ్య లైసెన్సు చూసి, సంతకం తీసుకుని, రెండు బండ్లు బయటపెట్టించాడు. ఒకటి నల్లది, బారుగా పడుకున్న గేదెలా ఉంది. ఇంకోటి ఎర్రది, కోడిపుంజులా మెడ ఎత్తుకుని నిలబడింది.

నల్లదాని సంగతి తొందరగా తేలిపోయింది. వెనక కూర్చుంటే కాళ్ళు పెట్టుకునే చోటు ఎక్కడో ముందుకు ఉంది. సన్నటి సీటు జారిపోతోంది. గువ్వా, ఆమె ఇద్దరూ వద్దన్నారు. ఆ రోజు ఇద్దరి మాట ఒకటి కావడం అదే మొదలు, చాలాసేపటివరకు అదే ఆఖరు.

ఎర్రదాని మీద మొదట గువ్వ ఎక్కింది. బండి కదలగానే గాలి మొహం మీద చెంపదెబ్బ కొట్టినట్టు తగిలింది. అన్నయ్య బండి ముందు గాలి ఆపే అద్దం చాటున ఉన్నాడు. వెనక ఎత్తు మీద కూర్చున్న గువ్వకు ఏ చాటూ లేదు. రోడ్డు మీద ప్రతి గతుకూ నడుముదాకా వచ్చి పలకరించి వెళ్ళింది. బాగోలేదు అనుకుంది. దిగాక ఏమీ చెప్పలేదు, ఇంకా అడగలేదు కాబట్టి.

తర్వాత ఆమె వంతు. కాలు ఎత్తితే అందలేదు. అన్నయ్య భుజం పట్టుకుని ఎగిరితే సీటు అంచున ఆగి కిందికి జారింది. టై ఆయన లోపలికి పరుగెత్తి ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చాడు.

"ఈ స్టూలు బండితోపాటు ఇస్తారా, నేను నెత్తిన పెట్టుకుని తిరగాలా?" అంది ఆమె.

అందరూ నవ్వారు. గువ్వ కూడా నవ్వింది. దాని నవ్వు వేరే. ఈ ఎర్రబండి ఇంటికొస్తే ఈ మనిషి వీధిలో ఎక్కడికి పోవాలన్నా స్టూలు మోసుకోవాలి. అంత దూరం లైట్‌హౌస్‌దాకా ఎవరు మోస్తారు? పొద్దుటినుంచి గొంతులో ఉన్న ముల్లు కాస్త కదిలింది.

ఎదురు షోరూములో బూడిదరంగు బండి ఉంది. దాని మీద గువ్వ వెళ్ళొచ్చింది. వెడల్పు సీటు, కాళ్ళకు సరిగ్గా చోటు, గాలి భుజాల పక్కనుంచి తప్పుకుని పోతోంది. గతుకులు వచ్చాయని కళ్ళకు తెలిసింది కానీ ఒంటికి తెలియలేదు. బాగుంది అనుకుంది, అనుకోవడమే ఇష్టం లేనట్టు.

ఆమె ఆ బండి ఎక్కడానికి స్టూలు అడగలేదు. ఇంట్లో కుర్చీలో కూర్చున్నంత తేలిగ్గా కూర్చుంది. బండి నీళ్ళట్యాంకు దాకా వెళ్ళి మలుపు తిరిగింది. గువ్వ ఫుట్‌పాత్ మీద నిలబడి చూస్తోంది. తిరిగి వస్తున్నప్పుడు ఆమె చెయ్యి పైకి లేవడం, చూపుడువేలు అన్నయ్య కుడి భుజం మీద ఒకసారి తట్టడం కనిపించింది. బండి నెమ్మదించింది. ఇంకాస్త దగ్గరికి వచ్చాక రెండుసార్లు తట్టింది. బండి ఆగింది, సరిగ్గా గువ్వ ముందు.

ఎవరో కావాలని తెచ్చి చూపించినట్టు.

పాత బండి మీద ఎండలో, వానలో తిరిగి ఇద్దరూ కలిసి చేసుకున్న భాష అది. అన్నయ్య దాన్ని ఆమెకు ఒక్క చుట్టులో నేర్పేశాడు. గువ్వకు కడుపులో నిప్పులు పోసినట్టయింది. ఆ క్షణంలో తనకూ ఆమెకూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆ సంగతి గువ్వ ఒక్కదానికే తెలుసు. ఆమె హెల్మెట్ తీసి జుట్టు దులుపుకుంటూ, "హాయిగా ఉందండీ. నిద్రొచ్చేలా ఉంది" అంటోంది.

అన్నయ్య గువ్వ దగ్గరికి వచ్చాడు. ఎర్రది, బూడిదరంగుది, రెండూ రోడ్డుకు అటొకటి ఇటొకటి.

"చెప్పు గువ్వా. ఒకటా, రెండా?"

"ఒకటి" అంది గువ్వ.

"ఎర్రదా?" అన్నయ్య కనుబొమలు ముడుచుకున్నాడు. "ఎందుకు?"

"ఎత్తుగా ఉంది. చుట్టూ అన్నీ కనిపిస్తాయి. కుదుపు కూడా లేదు."

"కుదుపు లేదా?"

"లేదు."

అన్నయ్య దాని మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత రోడ్డు దాటి వెళ్ళి టై ఆయనతో మాట్లాడాడు. టై ఆయన లోపలికి కేకేస్తే, చేతులకు నూనె మరకలున్న మెకానిక్ వచ్చి స్పానరుతో ఎర్రబండి వెనక చక్రం పక్కన కూర్చున్నాడు. కాసేపు అక్కడే కదిలి లేచాడు.

"నాకు కాస్త బిరుసుగా అనిపించింది. వెనక స్ప్రింగు మెత్తగా సర్దమన్నాను" అన్నాడు అన్నయ్య. "ఇంకోసారి కూర్చుని చూడు."

గువ్వ ఎక్కింది. అదే గాలి, అదే చెంపదెబ్బ. అవే గతుకులు, అంతకుముందు తగిలిన చోటే మళ్ళీ తగిలాయి. కానీ దాని కళ్ళముందు రోడ్డు లేదు. భుజం మీద తడుతున్న ఆమె వేలు ఉంది. దిగగానే, అడగకముందే చెప్పేసింది.

"ఇప్పుడు ఇంకా బాగుంది. పరుపు మీద కూర్చున్నట్టుంది."

అన్నయ్య ఇంజను ఆపాడు. తాళం తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మెకానిక్ స్పానరు పట్టుకుని కూర్చున్నాడంతే గువ్వా. దేన్నీ ముట్టుకోలేదు."

గువ్వకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఊరి వాళ్ళ మీద వేసే ఎత్తు. స్టూలు మీద కూర్చుని ఎంతమందిని చూసి నవ్విందో, ఆ కుర్చీలోకే అన్నయ్య దాన్ని తెచ్చి కూర్చోబెట్టాడు. ఆమె కూడా అక్కడే ఉంది. టై ఆయన తన టైలో ఏదో వెతుక్కుంటున్నాడు.

"ఎందుకే?" అన్నాడు అన్నయ్య. కోపంగా అన్నా బాగుండేది. కోపం లేకుండా అన్నాడు.

నోట్లో నాలుక లేని పిల్లకు అప్పుడు నాలుక వచ్చింది.

"ఆ బండేం బాగోలేదు. నా నడుము విరిగిపోయింది. గాలికి కళ్ళు మండుతున్నాయి. కానీ ఆ బండైతే ఈమె ఎక్కలేదు. అందుకే చెప్పాను. అది నా సీటు. లైట్‌హౌస్‌కి నన్ను తీసుకెళ్తానన్నావు. ఇప్పుడేమో చూద్దాంలే అంటున్నావు. మన తట్టడాలు కూడా నేర్పేశావు."

రోడ్డు మీద ఒక లారీ వెళ్ళింది. అన్నయ్య ఒకసారి గువ్వ వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. అద్దాలైతే మార్చి మార్చి పెట్టగలడు గానీ ఇలాంటి చోట అతనికి ఏం చెయ్యాలో తెలియదు.

"నేను ఆ బూడిదరంగు బండి మీద ఒక్కడినే ఓ చుట్టు వేసి వస్తాను. వెనక బరువు లేకపోతే ఎలా ఉంటుందో కూడా చూడాలి కదా" అని గబగబా రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

*

ఆడవాళ్ళిద్దరూ ఎదురు షోరూములో సోఫా మీద కూర్చున్నారు. మధ్యలో రెండు హెల్మెట్లు. గాజు గోడ అవతల రోడ్డు.

"నోరు బాగానే తెరిచావు" అంది ఆమె.

గువ్వ కాలి బొటనవేలితో నేల గీస్తోంది. "తప్పయిపోయింది."

"తప్పూ ఒప్పూ పక్కన పెట్టు. స్టూలు లేదని మానుకుంటాననుకున్నావా? నిచ్చెన వేసుకునైనా ఎక్కేదాన్ని." హెల్మెట్ పట్టీ వేలికి చుట్టుకుంటూ అంది. "నాకూ మండుతోంది, తెలుసా?"

"మీకెందుకు?"

"ఎందుకా? ఫోన్ చేస్తే గువ్వ ఇలా అంది, గువ్వ అలా అంది. గదికి ఏ రంగు వేయిద్దామండీ అంటే గువ్వను అడిగి చెప్తా. పెళ్ళి నాతోనా నీతోనా అని ఒకరోజు అడిగేద్దామనుకున్నాను. ఇవాళ వెనక కూర్చున్నప్పుడు, మీ ఇద్దరికీ ఏదో గుర్తులున్నాయట కదా, నాకూ చెప్పండి అని నేనే పీకి పీకి చెప్పించుకున్నాను. తట్టాను. ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"గువ్వ ఇంతకంటే మెత్తగా తడుతుంది, అన్నాడు."

గువ్వ కడుపులో మంట మీద ఎవరో చెంబెడు చన్నీళ్ళు పోసినట్టయింది. తల దించుకుంది కానీ పెదవుల మూల దాగలేదు.

"నవ్వకు. నువ్వు నవ్వితే నాకింకా మండుతుంది."

"నవ్వడం లేదు."

"పళ్ళు కనిపిస్తున్నాయి. పళ్ళ సంగతి నాకు చెప్పకు."

ఈసారి గువ్వ నిజంగానే నవ్వేసింది. ఆమె నవ్వలేదు. గాజు అవతలికి చూస్తూ, "లైట్‌హౌస్ మాత్రం నేను వదలను" అంది.

"నేనూ వదలను. నాకు చిన్నప్పుడే మాటిచ్చాడు."

"నాకు నిన్ననే ఇచ్చాడు. నాది తాజా మాట."

గువ్వ తలెత్తింది. "ఏమని?"

"మొదటి ప్రయాణం లైట్‌హౌస్‌కే, వెనక సీట్లో నువ్వే, అని."

అచ్చం అవే మాటలు. ఒక్క అక్షరం తేడా లేదు. తీసినట్టే తీసి మళ్ళీ అదే అద్దం వేశాడన్నమాట అన్నయ్య, ఈసారి తనకే తెలియకుండా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇప్పటిదాకా ఒకరి మీద ఒకరికున్న కోపంలో కొంత లేచి, రోడ్డు మీదికి, అన్నయ్య వెళ్ళిన నీళ్ళట్యాంకు వైపుగా నడిచింది.

"అయితే పంచుకుందాం" అంది ఆమె. "పోయేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు. రెండోవాళ్ళు బస్సులో."

"పోయేటప్పుడు నేను" అంది గువ్వ వెంటనే.

"అలాగే" అని, ఆమె ఒక్క క్షణం ఆలోచించి మొహం చిట్లించింది. "ఆగు. పోయేటప్పుడేగా సముద్రం ఎదురొచ్చేది. వచ్చేటప్పుడు నాకు కనపడేది మీ అన్నయ్య హెల్మెట్టే."

"మీరు అలాగే అన్నారు."

"నోట్లో నాలుక లేదన్నవాళ్ళను పిలుచుకురా, చూపిస్తాను." ఆమె హెల్మెట్ ఒళ్ళోకి తీసుకుంది. "సరే. కానీ దీపం వెలిగేదాకా అక్కడే ఉంటాం. ఆ దీపం వెలుతురులో బయల్దేరేది నేను. ఒప్పుకుంటావా?"

గువ్వకు ఆ దీపం సంగతి అంతకుముందు తోచలేదు. తోచి ఉంటే వచ్చేటప్పుడే అడిగేది. ఓడిపోయానా గెలిచానా అని లెక్క వేసుకుంటూ అయిష్టంగా తలూపింది.

అన్నయ్య ఇంకా రాలేదు. ఆ షోరూము మేనేజరు, బట్టతల ఆయన, రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి రోడ్డు చూసి వచ్చాడు. "ఓ చుట్టు అన్నారు కదమ్మా" అన్నాడు.

"చుట్టు పెద్దదై ఉంటుంది" అంది ఆమె.

ఆయన గోడగడియారం వైపు మూడోసారి చూస్తుండగా బండి వచ్చింది. చప్పుడు లేకుండా, నీళ్ళ మీద పడవలా వచ్చి ఆగింది. అన్నయ్య హెల్మెట్ తీశాడు. జుట్టు చెదిరిపోయి ఉంది. మొహం వెలిగిపోతోంది. చిన్నపిల్లాడికి పండు దొరికినట్టు కాదు, ఎన్నాళ్ళనుంచో తలనొప్పి ఉన్న మనిషికి అది తగ్గినట్టు. దిగి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. గాజు ఇవతల ఇద్దరు మనుషులు తన కోసం కూర్చున్నారని అతనికి గుర్తున్నట్టు లేదు.

"నన్నెప్పుడూ అలా చూడలేదు" అంది ఆమె, నెమ్మదిగా.

"నన్నూ చూడలేదు" అంది గువ్వ.

వాళ్ళు పొద్దుటినుంచి ఒకరితో ఒకరు పోట్లాడుకుంటున్నారు. మధ్యలో ఇది వచ్చింది. చక్రాలున్నది, మాట్లాడనిది, అలగనిది. వెనక ఎవరూ లేకుండా పోతేనే అతనికి అంత హాయి.

అన్నయ్య లోపలికి వచ్చాడు. "ఇదే తీసుకుందాం" అన్నాడు. ఎవరినీ ఒకటా రెండా అని అడగలేదు.

"మంచిదండీ" అని మేనేజరు చేతులు రుద్దుకున్నాడు. "వెనక ఏం బిగించమంటారు? వెనక కూర్చునేవాళ్ళకు నడుం ఆనుకోవడానికి బ్యాక్‌రెస్ట్ ఉంది. ఒక్కరే తిరిగేవాళ్ళయితే వెనక సీటు తీసేసి అక్కడ సామాను పెట్టె పెట్టించుకుంటారు. చాలా అందంగా ఉంటుంది."

అన్నయ్య కళ్ళు ఇంకా బయట బండి మీదే ఉన్నాయి. "సామాను పెట్టె..." అన్నాడు, కలలో మాట్లాడినట్టు.

"బ్యాక్‌రెస్ట్" అన్నాయి రెండు గొంతులు.

అన్నయ్య ఉలిక్కిపడి తిరిగాడు. ఇద్దరూ సోఫా మీదనుంచి లేచి నిలబడి ఉన్నారు, పక్కపక్కన, చంకల్లో హెల్మెట్లతో.

"మీరిద్దరూ ఎప్పుడు కలిశారు?"

"మీరు చుట్టు వేస్తున్నప్పుడు" అంది ఆమె. "పోయేటప్పుడు గువ్వ, వచ్చేటప్పుడు నేను. మీరు నడపండి చాలు."

"నన్నడగరా?"

"నువ్వు మాటలిచ్చేటప్పుడు మమ్మల్ని అడిగావా?" అంది గువ్వ.

అన్నయ్య మెడ వెనక గోక్కున్నాడు. ఏ మాటలో అడగలేదు. తెలిసిపోయిందని మొహమే చెప్పింది. మేనేజరు వైపు తిరిగి, "బ్యాక్‌రెస్టే బిగించండి" అన్నాడు.

అక్కడి మెకానిక్ బ్యాక్‌రెస్ట్ తెచ్చి, ఎత్తు సరిపోతుందో లేదో చూడమని ఆ నడిపి చూసిన బండికే బిగించాడు. గువ్వ ఎవరూ పిలవకముందే వెళ్ళి ఎక్కి కూర్చుంది. నడుం ఆనించింది. కాళ్ళు వాటి చోట పెట్టుకుంది. ముందు సీటు ఖాళీగా ఉంది. అయినా కళ్ళు మూసుకుంటే రోడ్డు కదులుతున్నట్టే ఉంది.

"చూసింది చాలు. లే, నా వంతు" అంది ఆమె పక్కన నిలబడి.

"ఒక్క నిమిషం వదినా."

ఆ మాట ఎలా వచ్చిందో గువ్వకే తెలియదు. వదిన విననట్టే ఊరుకుని, సీటు అంచు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ చెయ్యి అక్కడ ఎంతవరకు వచ్చిందో గువ్వ ఓరకంట చూసుకుంది. తర్వాత లేచింది. కానీ చాలా మెల్లగా లేచింది.